రాజారావు భుజం, దమయంతి ఫారం

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్ళు ఎవరింట్లో ఏ వేడుక జరిగినా దమయంతిని పిలవక తప్పదు, పిలిచాక భయపడకా తప్పదు. ఆవిడ మంచిదే. పులిహోర బాగా కలుపుతుంది, పిల్లలకు లెక్కలు ఉచితంగా చెబుతుంది. కానీ చేతిలో ప్లేటు పట్టుకుని పక్కన కూర్చుందంటే మాత్రం, "కొత్త కారు తీసుకున్నరట కదా, లోన్ పేపర్లు చదివిన్రా?" అని అడగకుండా వదలదు. చదవలేదంటే ఒక తిట్టు. చదివామని అబద్ధమాడితే రెండు ప్రశ్నలు వేసి, ఆ తర్వాత తిట్టు. శుభమా అని పార్టీకొస్తే ఈ పరీక్షలేమిటని మగవాళ్ళు మెల్లగా బార్బెక్యూ వైపు జారుకుంటారు.

ఆవిడ గొడవ ఆవిడది. దమయంతి అక్కడి ఒక క్రెడిట్ యూనియన్‌లో పనిచేస్తుంది. బ్యాంకు లాంటిదే, కాకపోతే అందులో ఖాతా ఉన్నవాళ్ళే దానికి సొంతదారులు. వరంగల్‌లో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివి, పెళ్ళయ్యాక భర్త శశికాంత్ వెంట వచ్చి, పనిచేయడానికి వీల్లేని వీసా మీద ఏడేళ్ళు ఇంట్లో కూర్చుంది. శశికాంత్ కార్ల సీట్లు చేసే కంపెనీలో ఇంజినీరు. ఆ ఏడేళ్ళలో ఇంటికొచ్చిన ప్రతి కాగితాన్నీ, వాషింగ్ మెషీన్ గ్యారంటీ దగ్గర్నుంచి చెత్త బండి నోటీసు దాకా, అక్షరం వదలకుండా చదివిందట. అలవాటు అక్కడ పడింది. గ్రీన్ కార్డు వచ్చిన నెలలోనే క్రెడిట్ యూనియన్‌లో క్యాష్ కౌంటర్ ఉద్యోగం సంపాదించింది. ఆ తర్వాత లోన్ల వైపు మార్చారు. చివరికి ఎవరూ కూర్చోవడానికి ఇష్టపడని మూల బల్ల ఒకటుంటే, దాన్ని ఆవిడకు ఇచ్చారు. అది పేమెంట్ ప్రొటెక్షన్ బల్ల.

పేమెంట్ ప్రొటెక్షన్ అంటే అప్పు కంతులకు ఇన్సూరెన్స్. అప్పు తీసుకున్న మనిషి జబ్బుపడో దెబ్బ తగిలో పని చేయలేకపోతే, ఆ నెల కంతు ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది. ఆ డబ్బు మనిషి చేతికి రాదు, నేరుగా లోన్ ఖాతాలో పడుతుంది. "చెక్కు ఎప్పుడొస్తదండీ?" అని అడిగేవాళ్ళకు ఈ ముక్క చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు అరిగిపోయింది. మొదటి ముప్పై రోజులకు ఏమీ రాదు. ఆ తర్వాత నెలనెలా డాక్టరు ఒక ఫారం నింపి, ఈ మనిషి ఇంకా పని చేయలేడు అని సంతకం పెట్టాలి. సంతకం ఉంటే కంతు కడతారు, లేకపోతే ఆపేస్తారు. అలా పన్నెండు కంతుల దాకా. దమయంతి పని ఆ ఫారాలు ఇన్సూరెన్స్ వాళ్ళకు పంపడం, వాళ్ళ జవాబు వీళ్ళకు చెప్పడం. మధ్యలో ఒక్క అక్షరం కూడా సొంతంగా చేర్చకూడదు.

చాలామందికి ఆ ఇన్సూరెన్స్ తమకు ఉందనే తెలియదు. లోన్ తీసుకున్న రోజు నలభై చోట్ల సంతకాలు పెడతారు, అందులో అదొకటి. అందుకే దమయంతి ఆరాలన్నీ. కాలు విరిగిందనో ఆపరేషన్ అనో ఎవరి గురించి విన్నా, మర్నాడు ఆఫీసుకు రాగానే తానే ఫోన్ చేస్తుంది. మొదట ఆరోగ్యం అడుగుతుంది. ఆ తర్వాత, "మీకు ప్రొటెక్షన్ ఉన్నది, తెలుసా? వచ్చి ఫారం తీసుకపోండి" అంటుంది. ఒకరి లోన్‌కు ఇన్సూరెన్స్ డబ్బు జమ పడిన రోజున ఇంట్లో సేమ్యా పాయసం చేస్తుంది. ఎవరికోసమో శశికాంత్‌కు చెప్పదు. అది ఆఫీసు రహస్యం. ఆయన మాత్రం అడక్కుండా రెండు గిన్నెలు తింటాడు.

రాజారావు కథ కూడా అలాగే ఫోన్‌తో మొదలైంది.

రాజారావు కాకినాడ మనిషి. అక్కడ ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే షాపు ఉండేది. అక్క వేసిన గ్రీన్ కార్డు దరఖాస్తు పన్నెండేళ్ళకు మంజూరైతే, నలభై ఆరేళ్ళ వయసులో భార్య పద్మతో అమెరికా వచ్చాడు. ఇప్పుడు యాభై ఆరు. కారు తలుపుల భాగాలు తయారయ్యే ప్లాంటులో, ఏజెన్సీ ద్వారా, బరువైన పెట్టెలు ఎత్తే పని. పనికి వెళ్తేనే జీతం. పద్మ ఒక స్కూల్ కెఫెటేరియాలో చేస్తుంది. ఇద్దరూ కలిసి లోన్ మీద ఏడు సీట్ల వ్యాన్ ఒకటి కొన్నారు. ఇద్దరికి ఏడు సీట్లెందుకని అడగొద్దు. ఆదివారం గుడికి వెళ్ళాల్సిన ముసలివాళ్ళు, ఎయిర్‌పోర్టుకు వెళ్ళాల్సిన స్టూడెంట్లు, ఊళ్ళో ఆ వ్యాన్ ఎక్కని తెలుగువాళ్ళు తక్కువ. డబ్బులివ్వబోతే రాజారావుకు కోపం వస్తుంది.

జనవరిలో ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో మంచు మీద కాలు జారి పడ్డాడు. చేతిలో ఇరవై పౌండ్ల బియ్యం బస్తా. ఇంకెవరైనా అయితే బస్తా వదిలేసి చేతులు ఆన్చుకునేవారు. ఈయన బస్తాను గుండెకు హత్తుకుని కుడి భుజం మీద పడ్డాడు. బియ్యం గింజ కూడా చెదరలేదు. భుజంలో కండరం తెగింది. ఆపరేషన్ అయింది.

దమయంతి ఫోన్ చేసి పిలిపించింది, ఫారాలు ఇచ్చింది, పంపింది. ముప్పై రోజులు గడిచాయి, మార్చి కంతు ఇన్సూరెన్స్ కట్టింది. పాయసం అయింది. అంతా సజావుగా ఉందనుకునేలోపు ఏప్రిల్‌లో ఉత్తరం వచ్చింది. డాక్టరు పంపిన రెండో ఫారం ప్రకారం రాజారావు కోలుకున్నాడు, కాబట్టి ఇకపై కంతులు కట్టం, అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లో కొత్త కాగితాలతో తెలపండి అని దాని సారాంశం. కోలుకున్నాడేమో, మంచిదే అనుకుంది దమయంతి. కానీ ఆయన ఏప్రిల్ కంతు కట్టలేదు, మే కంతూ కట్టలేదు.

మే నెల మధ్యలో, ఒక బుధవారం మధ్యాహ్నం, రాజారావు స్వయంగా ఆఫీసుకు వచ్చాడు. గాజు తలుపును వీపుతో నెట్టుకుంటూ వెనక్కి నడిచి లోపలికొచ్చాడు. దమయంతి ఆ నడక చూసింది.

"చెల్లెమ్మా, మీరేం కంగారు పడకండి" అన్నాడు కూర్చోకుండానే. "సోమవారం నుంచి డ్యూటీకి వచ్చేస్తానని ఏజెన్సీకి చెప్పేశాను. రెండు జీతాలు రాగానే పాత కంతులు రెండూ కట్టేస్తాను. వ్యాన్ గురించి ఉత్తరాలవీ పంపకండి. పద్మ చూస్తే బెంగ పెట్టుకుంటుంది."

"భుజం మంచిగైందా అన్నా?"

"బ్రహ్మాండంగా ఉందండి. దేవుడి దయ."

"అయితే ఈ కాగితం మీద సంతకం పెట్టండి" అని ఏదో మామూలు కాగితం జరిపింది. రాజారావు ఎడమ చేత్తో పెన్ను తీసుకున్నాడు. కుడి చేయి ఒళ్ళో అలాగే ఉంది, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన వస్తువులా. ఆయన కుడిచేతి వాటం మనిషి. గుళ్ళో కొబ్బరికాయలు కొట్టేది ఆయనే, దమయంతి ఎన్నోసార్లు చూసింది.

ఆవిడకు జాలేసింది. వెంటనే కోపం కూడా వచ్చింది. ఆవిడకు ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

"అన్నా, కూర్చోండి. డాక్టరు దగ్గర ఏమైందో చెప్పండి నాకు."

రాజారావు కుర్చీ అంచున కూర్చున్నాడు. జరిగింది చెప్పాడు. నర్సు వచ్చి ఎలా ఉన్నారని అడిగింది. బాగున్నానన్నాడు. ఎవరైనా ఎలా ఉన్నారంటే బాగున్నానని కాక ఇంకేమంటారు? నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత అని అడిగింది. రెండు అన్నాడు.

"రెండా? ఎందుకు రెండు?"

"సున్నా అంటే అబద్ధం కదండీ. మూడు అంటే మరీ ఎక్కువగా ఉంటుందేమోనని."

"మరి డాక్టరు?"

"చెయ్యి ఎత్తమన్నారు. ఎత్తాను."

"నొప్పి కాలేదా?"

"ఎత్తమన్నారు కదా అని ఎత్తానండి. ఆయన ఎంతో కష్టపడి, మూడు గంటలు నిలబడి ఆపరేషన్ చేసిన మనిషి. మొహం మీద నొప్పి అంటే ఏం బాగుంటుంది? థాంక్యూ డాక్టర్, వెరీ గుడ్ అన్నాను. ఆయనా సంతోషపడ్డారు."

డాక్టర్ నోవాక్ విన్నదే రాశాడు. నొప్పి రెండు, ఇబ్బందులు లేవు, పనికి వెళ్ళవచ్చు. ఇన్సూరెన్స్ వాళ్ళు ఆయన రాసిందే చదివారు. ఎవరి తప్పూ లేదు. మర్యాద అనేది ఒకటి అడ్డం పడి, మనిషి భుజం మీదికి తెచ్చింది. సోమవారం ఈయన వెళ్ళి నలభై పౌండ్ల పెట్టె ఎత్తితే కుట్లన్నీ తెగుతాయి. ఆ తర్వాత కుట్టడానికి ఏమీ మిగలదు.

దమయంతికి అప్పటికప్పుడు చెప్పాలనిపించింది, డాక్టరు దగ్గరికి మళ్ళీ పోయి ఇట్లా చెప్పు, అట్లా చెప్పు అని. చెప్పడానికి లేదు. డాక్టరుకు ఏం చెప్పాలో అప్పు తీసుకున్నవాళ్ళకు నేర్పించకూడదు, అది వాళ్ళ ఆఫీసులో మొట్టమొదటి నియమం. సూపర్‌వైజర్ షెరిల్ ఆ నియమాన్ని అచ్చువేసి దమయంతి బల్ల ఎదురుగానే అంటించింది, ఎవరిని దృష్టిలో పెట్టుకుందో చెప్పక్కర్లేదు. నియమం మంచిదేనని దమయంతి కూడా ఒప్పుకుంటుంది. లేకపోతే ప్రతివాడూ పదికి పన్నెండు నొప్పి అంటాడు.

ఆవిడ ఫైలు తెరిచింది. రాజారావు నింపిన ఫారంలో చివరి పేజీ తీసింది. మీరు రోజూ చేసుకునే పనుల్లో ఏవి చేయలేకపోతున్నారో మీ మాటల్లో రాయండి అని ఒక పేజీ మొత్తం ఖాళీ వదిలారు. అందులో రాజారావు ఒకే ఒక్క లైన్ రాశాడు, అంతా బాగుంది, దేవుడి దయ అని.

"ఇదేందన్నా?"

రాజారావు గొంతు తగ్గించాడు. "చెల్లెమ్మా, మీకు తెలియనిదేముంది. బాలేదు, చెయ్యి రాదు అని మన నోటితో మనమే అనుకుంటే, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు కదండీ. తథాస్తు అన్నారంటే ఇక అంతే. మా నాయనమ్మ ఇంట్లో ఎవర్నీ అలాంటి మాట అననిచ్చేది కాదు. పడింది నేను. దాన్ని నేనే ఖాయం చేసుకోనా?"

ఇది విని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. దమయంతి నవ్వలేదు. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివినా, కారు ఎక్కి బెల్టు పెట్టుకున్నాక యాక్సిడెంట్ అనే మాట ఎత్తితే శశికాంత్‌ను ఇప్పటికీ కసురుతుంది. ఆవిడ పెన్ను బల్ల మీద తాటిస్తూ కాసేపు ఆలోచించింది. లెక్క తెగనప్పుడు ఆవిడ అలాగే చేస్తుంది.

"అన్నా, తథాస్తు దేవతలు ఏం చేస్తరు?"

"వింటారండి."

"ఆ, వింటరు. చదువుతరా?"

రాజారావు నాయనమ్మ ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

"నోటితోని ఒక్క ముక్క అనకండి. రాయండి. ఏం రాయాల్నో నేను చెప్పను, చెప్తే నా ఉద్యోగం పోతది. ఫారంలో ఉన్న ప్రశ్న చదవండి, నిజం రాయండి, గంతే. అభ్యంతరం పంపనీకి ఇంక ఆరు రోజులే ఉన్నయ్. పద్మ వదిన సంతకం కూడా కావాలె, లోన్ ఇద్దరి పేరు మీద ఉన్నది కదా. డ్యూటీ అయినంక ఇటే రమ్మనండి."

కొత్త ఫారం ఇచ్చి, పక్కనున్న చిన్న గాజు గదిలో కూర్చోబెట్టింది. అటువైపు చూడకూడదని గట్టిగా అనుకుని, ప్రతి రెండు నిమిషాలకూ చూసింది. రాజారావు ఎడమ చేత్తో, ఒకటో తరగతి పిల్లవాడిలా నాలుక కాస్త బయటపెట్టి, పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తున్నాడు. ఒకసారి పైకప్పు వైపు చూశాడు. మళ్ళీ రాశాడు. పావుగంటలో అవుతుందనుకున్న పని నలభై నిమిషాలు పట్టింది. పేజీ నిండిపోతే వెనక్కి తిప్పాడు.

పద్మ మూడు గంటలకు వచ్చింది, కెఫెటేరియా యాప్రన్ విప్పకుండానే. పొట్టిగా, గలగలా మాట్లాడుతూ, ఎక్కడికెళ్ళినా నాలుగు నవ్వులు వెంటబెట్టుకొచ్చే మనిషి. "ఏవండీ, మళ్ళీ పరీక్ష రాస్తున్నారేంటి? వదిన గారూ, ఈసారైనా పాసవుతారా?" అంటూ గదిలోకొచ్చింది. సంతకం ఎక్కడ పెట్టాలని అడిగింది.

"చదివి పెట్టు వదినా" అంది దమయంతి. ఆవిడ ఎవరికైనా అదే చెబుతుంది.

పద్మ నిలబడే చదవడం మొదలుపెట్టింది. చొక్కా గుండీలు పెట్టుకోలేను, భార్య పెడుతుంది. "ఇది నిజమే, రోజూ ఒక గుండీ తప్పు పెడతానని గోల కూడా చేస్తారు" అంది. తల దువ్వుకోలేను. "దువ్వడానికేముందిలెండి అక్కడ." పై అరలోంచి గ్లాసు తీసుకోలేను. కారు తాళం ఎడమ చేత్తో తిప్పుతాను. నవ్వుకుంటూ చదువుతున్న పద్మ పేజీ తిప్పింది. తిప్పాక నవ్వు ఆగిపోయింది. కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

వెనక పేజీలో రాజారావు ఇలా రాశాడు. మంచం మీద పడుకోలేను. పడుకుంటే భుజంలో కత్తి పెట్టి తిప్పినట్టు ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కిందికెళ్ళి వ్యాన్‌లో సీటు వెనక్కి వాల్చి కూర్చుంటే కొంచెం నిద్ర పడుతుంది. ఫిబ్రవరి నుంచి అక్కడే పడుకుంటున్నాను. నా భార్యకు వాకింగ్ అని చెప్పాను. బరువు ఎత్తితే చెయ్యి ఇక రాదని నాకు భయంగా ఉంది.

బయట కౌంటర్‌లో నోట్లు లెక్కపెట్టే మెషీన్ చప్పుడు వినిపిస్తోంది.

"వాకింగా?" అంది పద్మ. "పొద్దున్నే వాకింగ్ కెళ్ళొస్తున్నారు, ఆరోగ్యం మీద శ్రద్ధ వచ్చిందని మా అక్కకు ఫోన్‌లో చెప్పుకున్నాను. ఫిబ్రవరిలో, ఆ చలిలో, వ్యాన్‌లోనా?"

"హీటర్ ఉందిగా. దుప్పటి కూడా ఉంది."

"ఏ దుప్పటి?"

"గుడికి ప్రసాదం గిన్నెలు తీసుకెళ్ళేప్పుడు కింద పరుస్తావే, అది."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే నువ్వూ లేచి కూర్చుంటావు. ఆరింటికి నీకు డ్యూటీ కదా" అన్నాడు రాజారావు, చాలా మామూలు విషయంలాగా.

పద్మ కళ్ళు నిండాయి. యాప్రన్ అంచుతో తుడుచుకుని, సంతకం పెట్టింది. పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే కింద కాగితం మీద కూడా అచ్చు పడింది. దమయంతి ఫైల్లో ఏదో వెతుకుతున్నట్టు నటించింది. అందులో వెతకడానికి ఏమీ లేదు.

మర్నాడు పద్మ స్కూల్‌కు సెలవు పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. భర్తను నోరు తెరవనివ్వలేదు. నర్సు ఎలా ఉన్నారని అడగగానే ఆ పేజీ చేతిలో పెట్టింది. డాక్టర్ నోవాక్ రెండుసార్లు చదివాడు. అప్పుడు చెయ్యి ఎత్తమన్నాడు, ఈసారి నవ్వకుండా ఎత్తమన్నాడు. చెయ్యి ఛాతీ దాకా కూడా రాలేదు. తాను ముందే గట్టిగా అడగాల్సిందని ఒప్పుకుని, మళ్ళీ స్కాన్ తీయించి, ఇంకా మూడు నెలలు బరువు ముట్టకూడదని కొత్త ఫారం మీద రాసి సంతకం పెట్టాడు. ఆ సంతకం చూపించి రాజారావు ఏజెన్సీకి ఫోన్ చేశాడు. సోమవారం వెళ్ళలేదు.

కాగితాలన్నీ ఆ సోమవారమే, గడువుకు ఒక్క రోజు ముందు, దమయంతి పంపింది. ఒక్క అక్షరం చేర్చలేదు. ఎడమ చేతి వంకర అక్షరాలు అలాగే, వెనకా ముందూ స్కాన్ చేసింది. ఆ తర్వాత పదకొండు రోజులు ఆవిడతో వేగలేక శశికాంత్ తల ప్రాణం తోకకు వచ్చింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది, ఒకసారి అసలు వేయలేదు. ఎందుకని అడిగితే ఆఫీసు రహస్యమంది.

పన్నెండో రోజు ఉదయం కంప్యూటర్ తెరవగానే రాజారావు ఖాతాలో రెండు కంతులు జమ అయినట్టు కనిపించింది, ఏప్రిల్‌ది ఒకటి, మేది ఒకటి. కింద చిన్న వాక్యం ఉంది, డాక్టర్ సంతకం అందుతున్నంత కాలం కంతులు కొనసాగుతాయి అని. దమయంతి కుర్చీలో ఒకసారి గిర్రున తిరిగింది. షెరిల్ తలెత్తి చూస్తే ఏమీ ఎరగనట్టు సర్దుకుని ఫోన్ తీసుకుంది.

పద్మ ఎత్తింది. శనివారం కావడంతో స్కూల్ లేదు.

"వదినా, పైసలు పడ్డయ్. రెండు నెలలయి. వ్యాన్‌కు ఏ భయం లేదు. అన్నకు ఫోన్ ఇవ్వు, నేనే చెప్తా."

"ఇప్పుడు కాదు వదిన గారూ" అంది పద్మ, మెల్లగా. "పడుకున్నారు. తెల్లవారినప్పటి నుంచీ కదల్లేదు."

"మంచం మీదనేనా?"

"మంచమెక్కడిది. వ్యాన్‌లోనే. మంచి రగ్గు, రెండు దిళ్ళు వేశాను, నేనూ పక్క సీట్లోనే ఉన్నాను. మొదటిరోజు నాకేం నిద్ర పట్టలేదు గానీ ఇప్పుడు అలవాటైపోయింది. ఈ సీట్లు చాలా బాగుంటాయండీ, మీ ఆయన కంపెనీవేనా?"

రాజారావు నిద్రకు ఎక్కడ భంగమవుతుందోనని, ఏడు మైళ్ళ దూరంలో ఆఫీసులో కూర్చుని దమయంతి కూడా గొంతు తగ్గించింది.

"లేపకు వదినా. లేచినంక చెప్పు" అని ఫోన్ పెట్టేసింది.